వంతు నీళ్ళు

మే 6, మంగళవారం

రుక్మిణి చేన్లో సున్నం పూసిన రాయి ఒకటి నిలబడి ఉండాది. పొద్దున నీళ్ళ ట్యాంకు చూసేదానికి మేడెక్కితే కనపడింది. గొర్రెపిల్ల తప్పిపోయి నిలబడిందేమో అనుకున్నాను మొదట. గొర్రెపిల్ల అయితే కదలాల గదా.

సెల్విని అడిగినాను. మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆడోళ్ళందరికీ ఆమే మేస్త్రి. ఊర్లో ఎవురింట్లో పాలు పొంగినా ముందు ఆమెకే తెలుస్తుంది. ట్యాంకర్లాయన వచ్చినాడంట, కూడా నీళ్ళు చూసేవాణ్ణి తెచ్చుకున్నాడంట. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చేనంతా నడిస్తే, ఆ జాగా కాడికి వచ్చేసరికి కాయ నిక్కి నిలబడిందంట, గుర్తుకు రాయి నాటినారంట. ఆడ లోతుగా బోరేసి, నీళ్ళు ట్యాంకర్లకు పట్టి హోసూరు కంపెనీలకు తోలేదంట.

రుక్మిణి, నా తోటికోడలు, చేను ట్యాంకర్లకు ఇస్తుందా! నమ్మను.

నమ్మను అని రాసినాను గాని, రాయి కనపడతానే ఉండాది.

మే 7, బుధవారం

పోయి అడిగేసినాను. మనసులో పెట్టుకొని కుమిలే జాతి కాదు నాది.

ఎండిన టమోటా చెట్లు పీకతా ఉండాది. తల ఎత్తలేదు. "మీ మిషన్లు ఆడితే నా బోరు ఆగిపోతుంది. పోయినేడు చూసినాను, అంతకు ముందేడూ చూసినాను. కాదంటావాక్కా?"

కాదనలేదు. ఎట్ల కాదంటాను? మామిడికాయ సీజన్ వస్తే మా బోరు పగలంతా ఆడతాది. ఆమె చేను మాకంటే పల్లంలో ఉండాది. నీళ్ళు పల్లానికి పోతాయంటారు — మా ఊర్లో మాత్రం పెద్ద మోటరు యాడుంటే ఆడికి పోతాయి.

"ట్యాంకర్లాయన అంత లోతుకు వేస్తే నీదీ పోతుంది, మాదీ పోతుంది గదే" అన్నాను. "నాది పోయిందే గదక్కా... మీది పోతే గదా నీకు తెలిసేది."

చెంప మీద కొట్టినట్టు ఉండాది. గట్టు దాటి ఇంటికి వచ్చేసినాను.

ఆడి నెల, అరవోళ్ళ ఆషాఢం, పుట్టకముందే ట్యాంకర్లాయనకు మాట చెప్పాలంట. ఆడిలో కొత్త పని మొదలుపెట్టరు గదా. అంతవరకు ఉండాది మాకు గడువు.

మే 9, శుక్రవారం

మా గుజ్జు కొనే జ్యూసు కంపెనీ నుంచి బెంగళూరాయన వచ్చినాడు. చెప్పులకు ప్లాస్టిక్ తొడుగు, తలకు టోపీ, అంతా బాగుంది. అన్నీ చూసినాక ఒక మాట అడిగినాడు: "ఒక కిలో గుజ్జు తీసేదానికి ఎన్ని లీటర్ల నీళ్ళు వాడతారు మేడం?"

"కావలసినన్ని" అన్నాను.

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. రాసుకున్నాడు.

కాయ ఎంత వచ్చింది తెలుసు, గుజ్జు ఎంత దిగింది తెలుసు, డబ్బాలు ఎన్ని ఉబ్బినాయి తెలుసు. నీళ్ళు మాత్రం తెలియదు. ఊరికే వచ్చేదానికి లెక్క ఎందుకనుకున్నాము. ఊరికే ఎవురి కాడి నుంచి వస్తాండాదో ఇప్పుడు తెలుస్తాండాది.

మే 11, ఆదివారం

బోరు గొట్టానికి మీటరు బిగించినాము. మా ఆయన పక్కన నిలబడి — "కరెంటుకు ఒకటి చాలదా, నీళ్ళకు కూడానా?"

మే 15, బేస్తవారం

సీజన్ మొదలైంది. మొదటి లోడు, బెంగళూరా రకం మామిడికాయ, గురుబరపల్లి తట్టు తోటలది. మిషన్లకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టినాము. కాయ సగానికి సరిగ్గా పగిలింది. ఆయన మొహం వెలిగిపోయింది.

నేను మాత్రం పొద్దంతా ఒక పనే చేసినాను. నీళ్ళ వెంబడి నడిచినాను. పిల్లకాయ తప్పటడుగులు వేస్తే వెంబడి పోతాము చూడు, అట్ల. కాయ కడిగే తొట్టి నుంచి కాలవలోకి. రెండో తొట్టి నుంచి కాలవలోకి. గుజ్జు నింపిన వేడి డబ్బాలు చల్లార్చే తొట్టి నుంచి — అయ్యో, అదైతే ధార! తేటనీళ్ళు, కొంచెం వెచ్చగా ఉంటాయి, అంతే — పొద్దుగూకేదాకా కాలవలోకే.

ఇంక పైపులు. ఒక్కొక్కరు ఒక పైపు చేత పట్టుకొని నేల కడగతానే ఉంటారు. తొక్క పడితే నీళ్ళు, టెంక పడితే నీళ్ళు. పట్టుకునేవాళ్ళు లేకపోతే పైపు కింద పడి తానే కడుక్కుంటా ఉంటుంది.

"పొరకతో ఊడ్చి, ఎనక కడగకూడదా మే?" అంటే సెల్వికి రోషం వచ్చింది. "నేల తడిగా ఉంటేనే సుత్తం అక్కా. ఎండిన నేల చూస్తే వచ్చినోళ్ళు ఏమనుకుంటారు?" ఆమె అరవంలో సుత్తం అంటే శుభ్రం; ఇల్లు తుడిచే లెక్క అది. పొద్దున వాకిలి తడిపి ముగ్గు వెయ్యకపోతే ఇల్లే కాదు గదా మనకు. ఆమెను ఏమని తిట్టేది, మా ఇంట్లో నేనూ అంతే.

దేవుడు మామిడికాయకు ఎండాకాలం పెట్టినాడు. కడిగేదానికి నీళ్ళు పెట్టేది మరిచిపోయినాడు.

మే 17, శనివారం

ముద్ద తింటా ఉన్నప్పుడు మాట ఎత్తినాను. ఆకలి తీరినప్పుడే చెప్పాల ఆయనకు ఏదైనా.

"నీళ్ళు మనవి. బోరు మనది. ఎవురికి చెప్పుకోవాల?" అన్నాడు.

"భూమి కింద కూడా గోడ కట్టినావా?" అన్నాను.

"సీజన్లో పెట్టుకోవద్దు వనజా. కాయ ఆగదు."

"కాయ ఆగదు. రుక్మిణి కూడా ఆగదు. ఆ రాయి కాడ బోరు లారీ నిలబడితే, వచ్చేడు సీజన్ నువ్వు చెయ్యవు, నేను చెయ్యను. ఇద్దరం ఆడ ట్యాంకరు కొనుక్కొని కాయ కడగల్ల."

ముద్ద తినేది ఆగింది. ఆయనకు తమ్ముడి పెండ్లాం బాధ చెప్తే ఎక్కలేదు. వచ్చేడు సీజన్ అంటే ఎక్కింది. పోనీలే, ఏ దారిలోనైనా చేరితే చాలు.

మే 20, మంగళవారం

పైపుల మూతికి తుపాకీ మాదిరి పిడి బిగించినాము. నొక్కితేనే నీళ్ళు, వదిలితే ఆగిపోతాయి. ఆడోళ్ళు ఒకరి మీద ఒకరు కొట్టుకొని నవ్వుకుంటా ఉండారు. నేల మీది తొక్కలు రబ్బరు పారతో లాగి, ఎనక కడగమన్నాను. సెల్వి మొహం మాడ్చుకొని లాగింది. సాయంకాలం తానే చెప్పింది, "నడుము నొప్పి తక్కువగా ఉందిక్కా, తడి బట్టలు లేవు." ఆమె ఒప్పుకుంటే ఊరంతా ఒప్పుకున్నట్టే.

డబ్బాలు చల్లార్చిన నీళ్ళు ఇంక కాలవకు పోవు. షెడ్డు మీదికి ఎక్కించి జల్లుగా దింపితే చల్లబడి మళ్ళీ తొట్టికే వస్తాయి. ఆఖరు కడుగు నీళ్ళు మొదటి కడుగుకు. కాయ మీది మన్ను పోయేదానికి కొత్తనీళ్ళు ఎందుకు? మా అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు ఆవు కుడితిలో పోసేది, గిన్నెలు తొలిచిన నీళ్ళు కరేపాకు చెట్టుకు. ఇంట్లో తెలిసిందే ఫ్యాక్టరీలో తెలియలేదు మాకు.

మీటరు ముల్లు నింపాదిగా తిరగతాండాది. ఊరికే పోయి చూసి వస్తాండాను, పొయ్యి మీద పాలు పెట్టినట్టు.

మే 22, బేస్తవారం

మొదటి కడుగు నీళ్ళు మన్ను తేరేదానికి గుంతలో నిలబెడతాము. తేరినాక కొబ్బరిచెట్లకు కట్టి చూసినాను. చెట్లకు ఏమీ కాలేదు. ల్యాబులో కూడా చూపించినాను, పైరుకు కట్టొచ్చని చెప్పినారు. అందుకే రుక్మిణి కాడికి పోయినాను.

"మా బోరు ఇప్పుడు సగం పొద్దే ఆడతాండాది. నీ బోరుకు కొంచెం ఊపిరి వస్తుంది. ఈ తేటనీళ్ళు కూడా నీ చేనికే. గుంత నుంచి గొట్టం వేయిస్తాను."

మొహం తిప్పుకొనింది. "దానమిస్తాండావా అక్కా?"

ఈ మనిషికి ఎట్ల చెప్పేది! అప్పుడు గుర్తుకొచ్చింది — అత్త. గట్టు మీద పాత బావి ఉండాది గదా, ఇప్పుడు ఎండిపోయింది, అప్పట్లో అందరికీ అదే. వంతు ప్రకారం కట్టుకునేవాళ్ళు. ఒకరి వంతు ముగిస్తే కాలవ మూతిలో పచ్చి కానుగమండ ఒకటి గుచ్చి పోయేవాళ్ళు. మండ కనపడితే నీళ్ళు నీవి, వచ్చి కట్టుకో, అంతే. ఎవురూ ఎవురినీ అడిగేది లేదు. అత్త అంటా ఉండేది: "అడిగి తీసుకుంటే దానం. అడక్కుండా తీసుకుంటే వంతు." ఒకసారి కొత్తకోడలుగా నేను మర్యాదకు "నీళ్ళు కట్టుకోనా అత్తా" అన్నందుకు ఎంత తిట్టింది! నీ హక్కును నువ్వే బిచ్చం చేస్తావా అని.

"దానం కాదు మే. వంతు. నీది పాత వంతే, బుధవారం, ఆదివారం. నేను మండ పెడతాను. నువ్వు వచ్చి వాల్వు తిప్పుకో."

ఒక మన్నుగడ్డ తీసి నలిపింది. "సీజన్ ముగిసేదాకా చూస్తాను" అనింది. చాలు.

మే 25, ఆదివారం

వచ్చింది. మండ చూసింది. తీసి పక్కన పెట్టింది. వాల్వు తిప్పింది. నేను షెడ్డు వాకిట్లోనే నిలబడి ఉండాను, నా తట్టు కూడా చూడలేదు.

ఎంత సంతోషమైందో! ఒక మనిషి నన్ను పలకరించకుండా పోతే సంతోషపడేది ఇదే మొదలు.

మే 30, శుక్రవారం

రుక్మిణి చామంతి నారు నాటతాండాది. అంటే దసరా వరకైనా చేను చేసే ఉద్దేశమే గదా! హోసూరులో కంపెనీ బస్సు తోలే మా మరిది శంకర కూడా లీవు పెట్టి వచ్చి గట్లు వేసినాడు. నన్ను చూసి "వదినా, నీళ్ళు బాగుండాయి" అన్నాడు. వాడు అంత మాట్లాడితే ఒక పేజీ మాట్లాడినట్టు.

సున్నపురాయి మాత్రం అట్లే ఉండాది. దాని చుట్టూ కూడా నాటింది.

జూన్ 4, బుధవారం

వంతు. మండ. నీళ్ళు. మాటలు లేవు. బాగుండాది.

జూన్ 7, శనివారం

సాయంకాలం మండ పెట్టి వచ్చినాను. రేపు రుక్మిణి వంతు.

ఇప్పుడే ఆయన మండీ నుంచి ఫోను. రేపు మధ్యాన్నానికే లోడ్లు వస్తాయంట, ధర దిగిందని అందరూ ఒకేసారి కోసేసినారు. ఆదివారం మధ్యాన్నం చేసే గొట్టాల కడుగు తెల్లవారకముందే ముగించాల. సెల్వికి చెప్పినాను, ఆడోళ్ళను తీసుకొని కోడి కూయకముందే వస్తానంది. పాపం, ఆదివారం కూడా నిద్ర లేదు వాళ్ళకు.

జూన్ 8, ఆదివారం

మండ పెట్టింది నేనే.

జూన్ 9, సోమవారం

నిన్న రాయలేకపోయినాను.

మిషన్ల గొట్టాలు వారానికొకసారి కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్ళతో కడగతాము. లోపల పట్టిన గుజ్జు దేనికీ వదలదు, దానికే వదులుతుంది. చెయ్యి మీద పడితే తోలు ఊడుతుంది. ఆ నీళ్ళు కూడా అదే గుంతలోకి పోతాయి. ఎప్పుడూ ఆదివారం మధ్యాన్నం కడుగు, రుక్మిణి పొద్దున్నే తన నీళ్ళు కట్టుకొని వాల్వు మూసి పోయింటుంది. ఎనక మా వాళ్ళు ఆ గుంతకు మందు వేసి సరిచేస్తారు. రెండు ఆదివారాలు అట్ల నడిచింది. నడిచింది గదా అని నేను ఆలోచన చెయ్యలేదు.

నిన్న కడుగు ముందుకు జరిగింది. మండ ఆడే ఉండాది. లోడ్ల హడావుడిలో మండ గుర్తే లేదు నాకు.

ఆమె తెల్లవారేటప్పుడు వచ్చింది. పచ్చిమండ చూసింది. తిప్పింది. అడగలేదు. ఎందుకు అడుగుతుంది? అడక్కూడదని చెప్పింది నేనే గదా.

పొద్దెక్కేసరికి గేటు కాడికి వచ్చింది. చేతిలో పిడికెడు నారు. ఆకులన్నీ ఉడికించినట్టు వాలిపోయి, అంచులు నల్లగా. "సాళ్ళలో నిలబడితే కాళ్ళు మండినాయి... ఎండకేమో అనుకున్నానక్కా." పాదాలు ఎర్రగా ఉబ్బి ఉండాయి. నేను పైపు తీసుకొని కాళ్ళ మీద నీళ్ళు పడితే ఒక కాలు తీసి ఇంకో కాలు పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. నన్ను తిట్టేవాళ్ళకు నేను బదులు చెప్పగలను.

పోయేటప్పుడు ఒక మాట: "మండ పెట్టింది నువ్వే గదక్కా."

జూన్ 10, మంగళవారం

ఊర్లో పైరు మందుల అంగడాయన, వ్యవసాయం చదువుకున్నాడు, వచ్చి మన్ను చూసినాడు. జిప్సం చల్లి, మంచినీళ్ళు దండిగా కట్టి కడిగేస్తే భూమి దక్కుతుందన్నాడు. వెంటనే చెయ్యాలన్నాడు.

దండిగా! ఇన్ని దినాలు చుక్క చుక్క మిగిలించింది దీనికేనేమో.

మిషన్లు నిలిపేయమన్నాను. బోరు నీళ్ళంతా చేనికి తిప్పినాను. ఆయన పరిగెత్తుకుంటా వచ్చినాడు, "గోడౌనులో కాయ పండి కూర్చోనుంది, నీకు మతి పోయిందా?"

"మొన్న పోయింది. ఇప్పుడే వచ్చింది."

"కాయ కుళ్ళితే?"

"కుళ్ళనీ. కాయ మళ్ళీ కాస్తుంది. మన్ను కాయదు."

ఇంత గట్టిగా ఆడోళ్ళందరి ముందర ఎప్పుడూ మాట్లాడలేదు ఆయనతో. సెల్వి పైపు పిడి నొక్కతా నిలబడిపోయింది, నీళ్ళు రావని తెలిసి కూడా.

జూన్ 12, బేస్తవారం

నీళ్ళు పారతానే ఉండాయి. రుక్మిణి గట్టు మీద కూర్చోని చూస్తాండాది, పార ముట్టుకోదు. శంకర వచ్చి మడవలు తిప్పతాండాడు. అన్నతో మాట్లాడలేదు.

గోడౌనులో పండు వాసన రోడ్డు దాకా. మంచి వాసన దాటి పోయింది, పులిసిన వాసన. ఆడోళ్ళను తీసుకుపోయినంత తీసుకుపొమ్మన్నాను. ఊర్లో ఆవులకు కూడా వేసినాము. ఇంకా మిగిలింది. ఆయన లోపలికి పోయి ఒక్కొక్క పండు ఒత్తి చూసుకుంటా ఉండాడు, ఏదైనా దక్కుతుందేమో అని. చూడలేకపోయినాను. తప్పు ఆయనది కాదు గదా. తోట నుంచి తెచ్చిన కాయ కుళ్ళిపోతే ఏడుపు రాదా ఎవురికైనా.

నేనూ ఏడ్చినాను. స్నానం చేస్తా ఏడ్చినాను. అర బకెట్టుతోనే.

జూన్ 14, శనివారం

కాస్టిక్‌కు వేరే గుంత తవ్వించినాము. వేరే గొట్టం, ఎర్రపిడి. ఆ గొట్టానికీ చేనికీ ఇంక సంబంధమే లేదు, కావాలన్నా కలిపేదానికి కాదు. ఇది ముందే చేసి ఉండాల. పాత గొట్టం ఉండాది గదా, ఎందుకు తవ్వేది అనుకున్నాము. మిగిలించేదాని మీద ఉన్న మనసు, పారేసేదాని మీద పెట్టలేదు.

మిషన్లు మళ్ళీ ఆడతాండాయి. ఆయన నాతో పని మాటలు మాట్లాడతాండాడు.

జూన్ 17, మంగళవారం

కర్ణాటక ఎల్ల కాడి తళి ఊరికి పోయినాను బస్సులో, చామంతి నారు కోసం. ఆడ చలి. ఎండాకాలంలో కూడా ఆడ గాలి వేరే. నర్సరీ ఆమె కన్నడలో అడిగింది, ఎవురికి ఇంత నారు అని. "నమ్మ తంగిగె" అన్నాను. చెల్లెలికి అని. ఎందుకు అట్ల అన్నానో తెలియదు. తోటికోడలు అనేదానికి నోరు రాలేదు.

ట్రేలన్నీ టెంపోలో వేసుకొని వచ్చి గేటు కాడ దింపితే, రుక్మిణి చూసి లోపలికి పోయింది. "వద్దక్కా. చాలు."

నిన్న ట్యాంకర్లాయన బండి వచ్చి పోయిందంట. సెల్వి చెప్పలేదు, చెప్పకూడదని మూతి బిగించుకొని తిరగతాంటే నేనే అడిగినాను.

జూన్ 19, బేస్తవారం

ట్రేలు మా షెడ్డు నీడలో పెట్టినాను. పొద్దున ఒకసారి, సాయంకాలం ఒకసారి తడుపుతాండాను. పసిబిడ్డల మాదిరి తలలు వాల్చి చూస్తాండాయి. వాటి తల్లి ఎవురో వాటికి తెలియదు పాపం.

జూన్ 21, శనివారం

నేను లోడు దింపిస్తాంటే రుక్మిణి వచ్చి ట్రేలు మోసుకొని పోయింది. ఒక్కటే, నెత్తిన పెట్టుకొని, ఎన్నో తడవలు. సెల్వి పోయి చెయ్యి వేస్తే వద్దనలేదు. నేను పోలేదు. పోతే నిలిపేస్తుందేమో అని భయం.

సాయంకాలం మండ గుచ్చినాను. గుంతలో నీళ్ళు నా అరచేతిలో పోసుకొని చూసినాను, వాసన చూసినాను, కాళ్ళ మీద పోసుకున్నాను.

జూన్ 22, ఆదివారం

వచ్చింది. మండ చూసింది. మండ తియ్యలేదు. నడుచుకుంటా షెడ్డు కాడికి వచ్చింది, నా ముందర నిలబడింది.

"అక్కా... నీళ్ళు కట్టుకోవచ్చునా?"

అడిగింది.

ఏమి చెప్పాల? కట్టుకో అన్నాను. ఇంకేమంటాను. అడగవద్దే, అది నీ వంతే అని అరవాలనిపించింది. ఏ నోటితో అరిచేది? అడక్కుండా తీసుకున్నందుకే గదా కాళ్ళు కాల్చుకొనింది. బాగా ఆలోచిస్తే, అడిగి తెలుసుకునేదే తెలివి. ఏ బుద్ధిమంతుణ్ణి అడిగినా అదే చెప్తాడు. అయినా ఆ మాట ఇంకా చెవిలో కుట్టతాండాది.

నారు దక్కుతుంది. భూమి దక్కుతుంది. ఇది దక్కలేదు.

జూన్ 25, బుధవారం

మళ్ళీ అడిగింది. మర్యాదగా.

జూన్ 27, శుక్రవారం

ఆయనతో చెప్పినాను. నవ్వుతాడేమో, ఆడోళ్ళ పట్టింపులు అంటాడేమో అనుకున్నాను. "అమ్మ ఉండి ఉంటే నిన్ను చంపి ఉండేది" అన్నాడు. ఎనక, "నన్ను కూడా" అన్నాడు. ఇద్దరం నవ్వినాము. కాయ పోయినాక ఇదే మొదటి నవ్వు ఇంట్లో.

పొద్దున బెంగళూరు కంపెనీ నుంచి ఫోను వచ్చింది. నీళ్ళు బాగా తగ్గించినారు, మెచ్చుకుంటాండాము, ఫోటో పంపండి అన్నారు. ఏమి ఫోటో పంపేది? మీటరుదా? రుక్మిణి పాదాలదా?

జూలై 2, బుధవారం

అడిగింది. "అడగొద్దు మే" అన్నాను ఈసారి. "నీళ్ళలో ఏముందో మీకు గదక్కా తెలిసేది" అనింది. ఎర్రపిడి చూపించినాను, వేరే గొట్టం చూపించినాను, గుంత చుట్టూ తిప్పినాను. అంతా విన్నది. తల ఊపింది. "సరేక్కా" అనింది. నమ్మిందో, మర్యాదకు అనిందో, ఆ మొహంలో ఏమీ కనపడలేదు.

జూలై 9, బుధవారం

వాన. మంచి వాన. ఈ పొద్దు ఎవురి వంతూ లేదు, అందరి వంతూ. షెడ్డు మీది నీళ్ళు కూడా తొట్టికి పట్టుకున్నాము. సెల్వి తడిసిపోతా, "ఇప్పుడు నేల బాగా సుత్తంగా ఉందిక్కా" అని ఎగతాళి.

జూలై 11, శుక్రవారం

మేడ మీది నుంచి చూసినాను. చామంతి నారు వేరు పట్టుకొనింది. పచ్చగా, సాలుకు సాలు. కాలిపోయిన తట్టు కూడా మన్ను రంగు మారింది. కండ్లకు ఎంత చల్లగా ఉండాదో!

సున్నపురాయి తియ్యలేదు. వానకు సున్నం కరిగిపోయి ఉండాల్సింది, మళ్ళీ పూసినారు. ఎవురు పూసినారో తెలియదు. మొదటిసారి రాయి చుట్టూ కూడా నాటింది గదా... ఈసారి నాటలేదు. రాయి నుంచి రోడ్డు దాకా ఒక లారీ వచ్చి తిరిగి పోయేంత జాగా వదిలి, మిగిలిందంతా నాటింది.

వారం తిరక్కముందే ఆడి.

జూలై 13, ఆదివారం

నిన్న సాయంకాలం కొత్త మండ కోసుకొచ్చి గుచ్చినాను. పొద్దున్నే మేడెక్కినాను. డైరీ కూడా తెచ్చుకున్నాను, కాళ్ళు ముడుచుకొని ట్యాంకు పక్కన కూర్చోని రాస్తాండాను. సెల్విని కూడా దూరంగా పంపించేసినాను, గోడౌనులో పనుందని. ఆయనను మండీకి తోలేసినాను. ఫ్యాక్టరీలో ఎవురూ కనపడకూడదు.

రుక్మిణి వస్తాండాది. చెప్పులు వేసుకొని వస్తాండాది, ముందు ఎప్పుడూ వేసుకునేది కాదు.

వాల్వు కాడ నిలబడింది. మండ చూసింది. షెడ్డు తట్టు చూసింది. ఎవురూ లేరు. "అక్కా..." అని పిలిచింది.

పలకలేదు. తల దించుకొని ట్యాంకు చాటుకు జరిగినాను. ఈ వయసులో, దొంగ మాదిరి, నా మేడ మీద నేనే! కనపడితే అడుగుతుంది. కనపడకపోతే ఏమి చేస్తుంది? తిప్పుతుంది, లేకపోతే ఇంటికి పోతుంది. పోతే ఇంక రాదేమో, బోరు లారీనే వస్తుందేమో. అయినా పలకను.

ఇంకోసారి పిలిచింది.

వంగి చూసినాను. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. గొట్టం మూతి నుంచి కారే నీళ్ళ మీద ఒక కాలు పెట్టి చూసుకుంటాండాది. మండ చేతిలో ఉండాది. ఇంకో చెయ్యి వాల్వు మీద.

నీళ్ళ సప్పుడు ఇంకా రాలేదు.